అత్తగారి మాత్ర

తడిసిన దుప్పటి ఎంత బరువుంటుందో ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు. బట్టలుతికే యంత్రం నీళ్ళు పిండడం మానేసి చాలా కాలమైంది. "మెకానిక్కుని పిలుస్తాలే" అన్న భర్త మాట అలాగే ఉండిపోయింది. ఆ ఆదివారం పొద్దున ఆమె బాల్కనీలో దుప్పటిని మెలితిప్పి పిండి, తీగ మీదికి విసరడానికి తల పైకెత్తింది. మెడ ముందువైపు, గొంతుగుంటకి కాస్త పైన, ఎవరో బొటనవేలు పెట్టి గట్టిగా లోపలికి నొక్కినట్టయింది. నొప్పి అక్కడితో ఆగలేదు. దవడ కిందుగా పాకి కుడిచెవిలోకి దూరి, అక్కడ తిష్ఠ వేసింది. దుప్పటి సగం తీగ మీదా సగం ఆమె భుజం మీదా ఉండిపోయింది.

"ఏమోయ్, ఈ టీ చల్లారిపోయింది. కాస్త వేడి చేసి పెడతావా?" లోపల్నుంచి భర్త.

వేడి చేసి పెట్టింది.

అంతకు కొన్నాళ్ళ ముందు ఇంట్లో అందరికీ జలుబూ జ్వరమూ వచ్చి పోయాయి. కూతురు కాలేజీ నుంచి మోసుకొచ్చింది. దాన్నుంచి నానమ్మకి, నానమ్మ నుంచి నాన్నకి అంటుకుంది. ఆయనకి జ్వరమొస్తే ఇంటికే జ్వరమొచ్చినట్టు. తలుపు చప్పుడు కాకూడదు, టీవీ వినపడకూడదు, గంటకోసారి నుదురు పట్టి చూస్తూ ఉండాలి. అందరికీ కషాయాలు కాచి, అందరి పక్కలూ మార్చి, అందరూ లేచి తిరుగుతున్నాక ఆమెకి వచ్చింది. వంటింట్లో నిలబడి ఉండగా వచ్చింది, నిలబడి ఉండగానే పోయింది. ఎవరూ చూడలేదు. చూడకపోవడం వాళ్ళ తప్పని ఆమె అనుకోలేదు. తను చెప్పలేదు కదా. చెప్పకపోవడం ఓ గొప్పతనమని చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పింది. ఆ పాఠం మాత్రం ఆమె ఎన్నడూ మర్చిపోలేదు.

ఈ నొప్పి గురించి మాత్రం చెప్పక తప్పలేదు. గుటక వేస్తే నొప్పి, తల తిప్పితే నొప్పి, మెడలో గొలుసు తగిలితే నొప్పి. చెప్పింది. "అందరికీ వచ్చింది, అందరికీ పోయింది. నీకు మాత్రం ఇంకా పోలేదంటే దానికి నువ్వు బాగా నచ్చావన్నమాట" అని భర్త నవ్వాడు. మంచి మనిషే. మాట తేలిక. చెవిలో చుక్కల మందు తనే తెచ్చి, తనే వేశాడు కూడా. "చెవి కాదు, పన్ను. నాకూ ఇలాగే దవడంతా లాగేసింది. పీకించుకుంటే పీడ పోయింది" అంది అత్తగారు. పళ్ళ డాక్టరు చూసి పళ్ళు గట్టిగా ఉన్నాయన్నాడు. వీధి చివర క్లినిక్కు డాక్టరు నోరు తెరిపించి లైటు వేసి చూసి, గొంతులో ఇన్‌ఫెక్షను అని మాత్రలు రాశాడు. అవన్నీ మింగింది. మింగడానికే నొప్పి అయినప్పుడు నొప్పికి మాత్రలు మింగడమంత వెక్కిరింత ఇంకోటి లేదు. నోట్లో మాత్ర, చేతిలో గ్లాసు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, సన్న తాడు మీద నడిచేవాడిలా ఊపిరి బిగబట్టి ఒక్కో గుటకా దాటించేది.

సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడేది. మెట్లెక్కితే గుండె చెవుల్లో కొట్టుకునేది. ఆకలి వేసేది, తిన్నా బట్టలు వదులవుతూనే ఉండేవి. "సన్నబడ్డావోయ్, బాగున్నావు" అన్నాడాయన ఓ రోజు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోట వచ్చిన నాలుగు పొగడ్తల్లో అదొకటి. అది కూడా జబ్బుకే దక్కింది.

ఆమె పని చేసేది కళ్ళద్దాల షాపులో. ముందుగదిలో అద్దాలూ లైట్లూ వరసగా ఫ్రేములూ ఉంటాయి. వెనకగదిలో రెండు బల్లలు, అరగదీసే యంత్రం, ఓ కిటికీ. ఆ కిటికీ పక్క బల్ల ఆమెది. కొన్నవాళ్ళ కంటిపాప ఎక్కడుంటుందో లెన్సు మీద చుక్క పెట్టి, ఫ్రేము కొలతకి అరగదీసి, గాడిలో కూర్చోబెట్టి, బియ్యపు గింజలో సగం కూడా లేని స్క్రూని పట్టకారుతో పట్టుకుని బిగించాలి. చుక్క వెంట్రుకవాసి పక్కకి పోయినా ఆ కళ్ళద్దాలు పెట్టుకున్నవాళ్ళకి తలనొప్పి వస్తుంది. ఆమె బిగించిన జోడు వెనక్కి రావడం అరుదు. పుట్టింట్లో చదువుకున్న మొదటి ఆడపిల్ల ఆమే. డిప్లొమా పట్టుకుని ఈ బల్ల దగ్గరికి వచ్చిన రోజు నుంచీ, రోజులో "ఏమోయ్", "అమ్మాయ్", "అమ్మా" అనే పిలుపులు వినపడని చోటు ఇదొక్కటే. బల్ల మీద దీపం వేసుకుని పని మొదలుపెడితే లోకంలో ఆ చిన్న స్క్రూ తప్ప ఇంకేమీ ఉండదు. దాన్ని పని అంటారని ఆమెకి తెలుసు. కానీ మనసులో మాత్రం విశ్రాంతి అనే అనుకునేది.

క్లినిక్కు డాక్టరు మందులు అయిపోయినా నొప్పి తగ్గకపోతే రక్తపరీక్ష రాయించుకుంది. ఫలితం భర్త ఫోనుకి వచ్చింది. ఇంట్లో ఎవరి పరీక్షలైనా ఆయన ఫోనుకే వస్తాయి. భోజనాల దగ్గర చదివాడు.

"ఓస్, ఇంతేనా! థైరాయిడ్ అట. ఇదిగో, టీఎస్‌హెచ్ తక్కువ అని ఎర్రగా గీత పెట్టారు. అమ్మా, నీ జబ్బే దీనికీ వచ్చింది."

"నాదా? మరి నాకూ తక్కువే కదురా!" అత్తగారి మొహం వెలిగింది. అదేదో నగలో వాటా పంచుతున్నట్టు లేచి వెళ్ళి తన మాత్రల సీసా పట్టుకొచ్చింది. "ఇంత చిన్నదానికి డాక్టర్లెందుకు? నేను ఏళ్ళ తరబడి వేసుకుంటున్నా. పొద్దున్నే పరగడుపున ఒకటి వేసుకో అమ్మాయ్. నాకూ మొదట్లో ఇలాగే నీరసం. ఎవరికి చెప్పుకున్నానని? నా అత్తయితే మాత్ర ఇవ్వడం అటుంచి, మంచం దరిదాపులకి పోనిచ్చేది కాదు."

"చూశావా, అత్తాకోడళ్ళంటే ఇలా ఉండాలి. మాత్రలు కూడా ఒకే సీసాలోంచి" అన్నాడు భర్త. కూతురు పకపకా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నిజం చెప్పాలంటే ఆ పూట ఆమెకి కళ్ళు చెమర్చాయి. అత్తగారు తనంతట తాను లేచి వెళ్ళి తనకోసం ఒక వస్తువు తేవడం అదే మొదటిసారి.

మర్నాటి నుంచి రోజూ తెల్లారగానే అత్తగారు అరచేతిలో మాత్ర పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడేది. ఆమె మింగేదాకా కదిలేది కాదు.

వారం తిరిగేసరికి ఆమె చేతులు ఆమె మాట వినడం మానేశాయి. మొదట టీ కప్పు సాసరులో గలగలలాడింది. తరవాత సూదిలో దారం దూరలేదు. పడుకుంటే గుండె కొట్టుకునే చప్పుడుకి మంచం ఊగుతున్నట్టుండేది. ఊరికే చెమటలు. ఊరికే కోపం. కూతురు పుస్తకం కనపడలేదన్నందుకు అరిచేసింది. అరిచాక మెడ పట్టుకుని కూలబడింది. "మాత్ర ఒంటికి పడాలంటే టైం పడుతుంది. ఓపిక పట్టు" అంది అత్తగారు. ఓపిక పట్టింది. ఆమె పట్టలేకపోతున్నది పట్టకారు ఒక్కటే.

స్క్రూలు జారి పడుతున్నాయి. నేల మీద మోకాళ్ళేసి అయస్కాంతంతో వెతుక్కునేది. ఓ మధ్యాహ్నం, చూపు బాగా మందగించిన ఓ రిటైర్డు మాస్టారి కోసం ప్రత్యేకంగా చేయించి తెప్పించిన మందపాటి లెన్సుని ఫ్రేములోకి నొక్కుతుండగా చెయ్యి ఎగిరిపడింది. లెన్సు అంచు టిక్కుమంది. ఆ చిన్న చప్పుడు ఆమెకి ముందుగదిలోకి కూడా వినపడిందనిపించింది.

షాపు యజమాని వచ్చి పెచ్చు లేచిన అంచుని వెలుగులో పట్టి చూశాడు. అరవలేదు. అరిస్తేనే బాగుండేది.

"మీ చేతులేమ్మా ఇలా అయ్యాయి? ఇంట్లో ఏమన్నా గొడవా?"

"లేదండీ. థైరాయిడ్."

"మా ఆవిడకీ ఉంది. ఆవిడ పడుకుని నిద్రపోతూనే ఉంటుంది తప్ప ఇలా వణకడం చూళ్ళేదే" అని, లెన్సు బల్ల మీద పెట్టి, "రేపు రాకండి. మంచి డాక్టరుకి చూపించుకుని రండి. నాకు ఈ బల్ల మీద మీ చేతులు కావాలి" అన్నాడు.

ఇంట్లో చెప్పకుండా ఆమె బస్సెక్కి పెద్దాసుపత్రికి వెళ్ళింది. తనకోసం తను ఒక్కతే బస్సెక్కిన రోజు అంతకు ముందు ఒక్కటీ ఆమెకి గుర్తుకి రాలేదు.

గ్రంథుల డాక్టరమ్మ మాట్లాడుతూనే లేచి వచ్చి, వెనక నిలబడి, మెడ మీద వేళ్ళు ఆనించింది. ఆమె కెవ్వుమంది. "సారీ అమ్మా, సారీ. ఇంకెప్పుడూ నొక్కను. తెలిసిపోయింది" అని కూర్చుని రక్తపరీక్ష చూసింది. "ఈ మధ్య జలుబూ జ్వరం వచ్చిందా? అదీ సంగతి. వైరస్ పోతూ పోతూ మీ థైరాయిడ్ గ్రంథిని వాపెక్కించి పోయింది. నొప్పి చెవికి వస్తోందా? అందరూ చెవీ పళ్ళూ చూపించుకునే వస్తారు నా దగ్గరికి. మందులేమన్నా వాడుతున్నారా?"

చెప్పింది. డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

"ఎవరిచ్చారూ ఆ మాత్ర?"

"మా అత్తయ్య. తక్కువ అని వచ్చిందని."

"తక్కువ అన్నది థైరాయిడ్ కాదమ్మా. థైరాయిడ్ ఎక్కువైపోతే మెదడు ఇక చాలు, పని ఆపు అంటుంది. అలా పని పురమాయించే టీఎస్‌హెచ్ తగ్గిందని ఈ కాగితం చెప్తోంది. అంటే మీ ఒంట్లో థైరాయిడ్ పొంగి పొర్లుతోంది. ఇలా అనుకోండి. మీ మెడలో ఓ గోదాము ఉంది. నెలలకి సరిపడా సరుకు నిల్వ ఉంది. వాపొచ్చి గోడ కూలింది. సరుకంతా ఒక్కసారి రోడ్డున పడింది. అందుకే ఈ దడ, వణుకు, చెమటలు. దాని మీద మీరు రోజూ బయట నుంచి ఇంకో మూట తెచ్చి పోస్తున్నారు. మీ అత్తగారికి అది ప్రాణం నిలబెట్టే మందే. ఆవిణ్ణి మానమనకండి. మీకు మాత్రం ఇప్పుడు అది నిప్పులో నూనె."

ఆమెకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. ఈ ఇంట్లో తనకు ప్రేమగా దొరికిన ఒకే ఒక్క వస్తువు అదా, అనుకుంది.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. మామూలు నొప్పి మాత్రలతో తగ్గే వాపు కాదిది, కాబట్టి స్టెరాయిడ్ రాస్తున్నానంది. రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది, ఆ హాయిని నమ్మి మానకూడదు, వారాల తరబడి మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి, పొద్దున కడుపునిండా తిన్నాకే వేసుకోవాలి. గుండెదడకీ వణుకుకీ వేరే మాత్ర. "ఇంకో మాట వినండి. గోదాము ఖాళీ అయ్యాక కొన్నాళ్ళు సరుకుండదు. అప్పుడు చలేస్తుంది, ఒళ్ళు బరువెక్కుతుంది, ఊరికే ఏడుపొస్తుంది, లేవబుద్ధి కాదు. దాన్ని బద్ధకమంటారు. అది మీ గుణం కాదు, జబ్బులో రెండో సగం. చాలామందికి నెలల్లో గోడ మళ్ళీ లేస్తుంది. కొద్దిమందికి లేవదు, వాళ్ళకి జీవితాంతం మాత్ర కావాలి. మీరు ఎందులో ఉంటారో పరీక్షలు చేస్తూ చూద్దాం. ఈలోగా విశ్రాంతి. ఇంట్లో ఎవరున్నారు?"

"అందరూ ఉన్నారండీ."

"చెయ్యడానికి?"

ఆమె మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది.

ఇంట్లో ఈ మాట చెప్పగానే అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అంటే నేను విషం పెట్టానా? కన్నకూతురికి కూడా ఇవ్వలేదు నా మాత్ర." ఆమే అత్తగారి పక్కన కూర్చుని, "మీ తప్పేం లేదత్తయ్యా, మంచికే కదా ఇచ్చారు" అని ఓదార్చింది. మెడ మంటతో ఉంది, చేతులు వణుకుతున్నాయి, ఆ వణికే చేతులతోనే అత్తగారి వీపు నిమిరింది. ఓదార్చే పని కూడా ఇంటిపనిలో ఒకటని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా ఎప్పుడూ చేస్తూనే ఉంది.

స్టెరాయిడ్ వేసుకున్న మర్నాడే మెడ తేలికైంది. మూడో పొద్దున లేచి ఒక గుటక వేసి చూసుకుంది. నొప్పి లేదు. ఇంకో గుటక. లేదు. అంత పొద్దున్నే ఒంటరిగా మంచినీళ్ళు తాగుతూ, తాగడం ఇంత సుఖమైన పనా అని ఆశ్చర్యపోయింది. ఆమె తల తిప్పడం చూసి ఇల్లు ఊపిరి పీల్చుకుంది. ఆ రోజే దుప్పట్లు నానబెట్టారు. ఆ రోజే సామాను అటక మీద నుంచి దించమన్నారు. కడుపునిండా తిన్నాక వేసుకోవలసిన మాత్ర, అందరికీ పెట్టి, డబ్బాలు కట్టి, గిన్నెలు తోమాక మిగిలిన పొద్దులో ఖాళీ కడుపుతోనే వేసుకునేది. కడుపులో మంట మొదలైంది. మొహం కాస్త ఉబ్బింది.

"స్టెరాయిడ్లు చాలా చెడ్డవట. మా ఆఫీసులో ఒకతని బావమరిది ఎముకలు పిండైపోయాయట" అన్నాడు భర్త. "తగ్గిపోయిందిగా! ఇంకా ఎందుకా విషం? గోటితో పోయేదానికి గొడ్డలి."

"డాక్టరమ్మ మానొద్దంది."

"డాక్టర్లు అలాగే అంటారు. నీ మంచికే చెప్తున్నా. పైగా చూడు, మొహమెలా అయ్యిందో."

ఆమె మానేసింది. చదువుకున్నది, డాక్టరు చెప్పింది చెవులారా విన్నది, అయినా మానేసింది. ఎందుకు మానేశావని తరవాత ఎన్నోసార్లు తనని తాను అడుక్కుంది. ఆయనకి భయపడి కాదు. మాత్ర వేసుకుంటున్నంత కాలం తను రోగి. రోగిగా ఉంటూ వంట చేస్తుంటే చూసేవాళ్ళకి ఇబ్బందిగా ఉంది. మాత్ర మానేస్తే ఆ ఇబ్బంది పోతుంది. నలుగురి ఇబ్బంది తీర్చడం ఆమెకి ఊపిరి తీసుకోవడమంత అలవాటు.

నాలుగు రోజులు తిరక్కుండానే నొప్పి వచ్చింది. ఈసారి ఎడమవైపు. ఎడమ దవడ, ఎడమ చెవి. తలగడ మీద ఏ పక్కా ఆనక, కూర్చునే కునికింది. మళ్ళీ బస్సు, మళ్ళీ డాక్టరమ్మ. తిట్టలేదావిడ. "అందరూ ఇక్కడే జారతారు" అని, మోతాదు మళ్ళీ మొదటికి తెచ్చింది. మెట్టు మెట్టుగా దిగడానికి రెండు నెలలు పట్టింది. షాపుకి సెలవు పెట్టింది.

ఆ సెలవులో ఆమెకి విశ్రాంతి ఎలా ఉంటుందో తెలిసింది. "ఎలాగూ ఇంట్లోనే ఉంటున్నావుగా" అనే మాటతో అది మొదలయ్యేది. ఎలాగూ ఇంట్లోనే ఉంటున్నావుగా, గ్యాసు వాడొస్తాడు చూడు. ఎలాగూ ఇంట్లోనే ఉంటున్నావుగా, అమ్మని కంటి పరీక్షకి తీసుకెళ్ళు. ఎలాగూ ఇంట్లోనే ఉంటున్నావుగా, పరదాలన్నీ ఓసారి ఉతికెయ్. ఉద్యోగముండగా మధ్యాహ్నాలు ఆ కిటికీ పక్కన ఆమెవి. ఇప్పుడు అవి కూడా ఇంటివే.

డాక్టరమ్మ చెప్పిన రెండో సగం చెప్పినట్టే వచ్చింది. గోదాము ఖాళీ అయింది. చేతుల వణుకు పోయింది, దడ పోయింది. వాటితో పాటు ఇంకేదో కూడా పోయింది. ఎండలో నిలబడ్డా చలేసేది. జుట్టు దువ్వెనకి ఊడొచ్చేది. మంచం మీద నుంచి లేవాలంటే బావిలోంచి తనని తానే తోడుకోవాల్సి వచ్చేది. కూర తరుగుతూ తరుగుతూ ఊరికే కళ్ళ నీళ్ళు కారేవి, ఉల్లిపాయ కూడా కాదు. "వణికినన్నాళ్ళూ గిరగిరా తిరిగింది, ఇప్పుడు బాగయ్యాక ఒళ్ళు బరువెక్కింది" అని అత్తగారు పక్కింటామెతో అనడం వినపడింది. "ఇది నా గుణం కాదు, జబ్బులో రెండో సగం" అని ఆమె గోడతో అంది. పైకి అనుంటే బాగుండేది.

పరీక్ష చేసి, సరుకు బాగా పడిపోయిందనీ, కొన్నాళ్ళు చిన్న మోతాదు మాత్ర వేసుకోమనీ చెప్పింది డాక్టరమ్మ. ఈసారి మాత్ర అత్తగారి సీసాలోది కాదు, ఆమెదే. తన పేరు రాసిన సీసా. ఆసుపత్రి మెట్లు దిగుతూ చేతులు ముందుకి చాపి చూసుకుంది. నిశ్చలంగా ఉన్నాయి. ఇంటికి వెళ్ళే బస్సు వదిలేసి షాపుకి వెళ్ళింది.

యజమాని ఆమెని చూసి లేచి నిలబడ్డాడు. "రండమ్మా. ఒంట్లో ఎలా ఉంది? మీరిలా మానేస్తారనుకోలేదు."

"మానెయ్యడమేంటండీ?"

"మీవారు ఫోన్ చేశారుగా. డాక్టరు పూర్తిగా విశ్రాంతి తీసుకోమంది, ఇక ఉద్యోగం చెయ్యదు, ఎవర్నన్నా చూసుకోండి అని. చూసుకున్నాను కూడా. ఒకమ్మాయి సోమవారం వస్తానంది."

వెనకగది తలుపు తెరిచే ఉంది. ఆమె బల్ల మీద దీపం ఆర్పి ఉంది. బల్ల నిండా ఖాళీ డబ్బాలు పేర్చారు. భర్త మీద కోపం రావాలి. కోపానికి కూడా కొంచెం వేడి కావాలి కాబోలు, ఒంట్లో అది లేదు. ఒక్కటే అనిపించింది. ఇంట్లో వాళ్ళు డాక్టరమ్మ మాట తప్పుగా వినలేదు. విశ్రాంతి అన్న మాటకి వాళ్ళకి తెలిసిన అర్థమే అది. ఆడది పనికి వెళ్ళకపోతే విశ్రాంతి. ఇంట్లో ఎన్ని దుప్పట్లు పిండినా అది విశ్రాంతే.

"ఒంటిపూట వస్తే ఒప్పుకుంటారా?" అంది. "నెల రోజులు. తరవాత రెండు పూటలూ. ఆ అమ్మాయికి పని నేర్పిస్తాను."

యజమాని ఆమె చేతుల వంక చూశాడు. "సోమవారం పొద్దున్నే రండి. రాకపోతే బల్ల ఆ అమ్మాయిదే. నేను మళ్ళీ మీవారితో ఫోన్లూ అవీ పెట్టుకోను."

ఆదివారం మధ్యాహ్నం, అందరూ హాల్లో ఉండగా చెప్పింది.

"రేపటి నుంచి షాపుకి వెళ్తున్నాను. ఒంటిపూట."

భర్త చదువుతున్న పేపరు దించాడు. "నీ మంచికే కదోయ్ నేను చెప్పింది! డాక్టరు విశ్రాంతి అంది. రెండు పనులు నీ వల్ల కాదు."

"కాదు. అందుకే ఒకటి మానేస్తున్నాను."

"అదే కదా నేనూ—"

"షాపు కాదండీ. వంటా, బట్టలూ."

భర్త నవ్వబోయాడు. ఇది కూడా ఓ జోకేమోనని అటూ ఇటూ చూశాడు. "బావుంది. మరి ఇల్లెవరు చూస్తారు?"

"ఇల్లు చూడ్డానికి మీకేం, నిక్షేపంలాంటి కళ్ళున్నాయి" అంది.

"సరేలే, పిల్లకి నేర్పాలిగా ఎప్పటికైనా" అంది అత్తగారు నిట్టూర్చి. "ఒసేయ్ తల్లీ, లే. అమ్మకి బాగోలేదు. కూరగాయలు తరుగు."

కూతురు చదువుతున్న పుస్తకంలో కాగితం పెట్టి మూసింది. విసుక్కోలేదు. ఎందుకని అడగలేదు. పరీక్షలున్నాయని కూడా అనలేదు. లేచి వెళ్ళి కత్తీ పళ్ళెమూ తెచ్చుకుని, పిలిస్తే వెళ్ళడం తప్ప ఇంకో దారి ఉందని ఎన్నడూ వినని మనిషిలా నేల మీద కూర్చుంది. ఆమెకి మెడలో కాదు, ఇంకెక్కడో లోతుగా నొప్పి పుట్టింది. తను దింపుకున్న బరువు నేల మీద పడలేదు. ఎదురుచూస్తున్నట్టు నేరుగా పిల్ల ఒళ్ళో పడింది. ఒక్క నిమిషం, అంతా వదిలేసి తనే తరిగేస్తే పోలేదా అనిపించింది. సోమవారం రాదు. బల్ల పోతుంది. పిల్ల చదువుకుంటుంది. ఎప్పుడూ ఇలాగే జరిగి ఉంటుంది. వాళ్ళమ్మ చెప్పకుండా దాచిన నొప్పులన్నీ ఇలాంటి నిమిషాల్లోనే దాచి ఉంటుంది.

లేచింది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచి, కూతురి చేతిలోంచి కత్తి తీసుకుంది. అత్తగారు, "అదీ! తల్లి కదూ" అని కుదుటపడింది. భర్త పేపరు మళ్ళీ పైకెత్తాడు.

ఆమె ఆ పేపరు మెల్లగా ఆయన చేతుల్లోంచి తీసి, ఆయన ఒళ్ళోనే పరిచి, పళ్ళెం దాని మీద పెట్టి, కత్తి పిడి ఆయన వైపు తిప్పి పళ్ళెంలో ఉంచింది.

"నువ్వెళ్ళి చదువుకో" అంది కూతురితో.

తరవాత శాలువా కప్పుకుని లోపలి గదిలోకి నడిచింది. గుమ్మం దగ్గర ఆగింది కానీ, వెనక్కి తిరగలేదు. తిరిగితే మెడ నొప్పి పుడుతుందనో, వాళ్ళ మొహాలు చూస్తే మనసు కరుగుతుందనో.

"నేను పడుకుంటున్నాను. వంటయ్యాక లేపండి."